గోడకేసి తిరిగిన సీసా

గోడ గడియారం నాలుగు కొట్టింది. నాలుగో దెబ్బ అల్మారాలోని సీసాల్లోకి దూరి కాసేపు అక్కడే తిరిగింది. మందుల గదిలో స్టూలు మీద కూర్చుని ఆమె ఆ సీసాల వంకే చూస్తోంది. చూసి మురుస్తోంది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. పొద్దున ఏడింటికే వచ్చి ఒక్కొక్కటీ దించి, తడిగుడ్డతో తుడిచి, లేబుల్ మొహాన్ని ఇటువైపు తిప్పి, ఒకే ఎత్తువన్నీ ఒక వరసలో నిలబెట్టింది. ఎన్నేళ్ల దుమ్మో అది. పెద్దకాంపౌండరు మంచివాడే, చెయ్యి బంగారం, నలభై ఏళ్లలో ఒక్క చుక్క ఎక్కువ వేసిన పాపాన పోలేదంటారు, కానీ సర్దుడు మాత్రం సున్నా. కొన్ని అటు, కొన్ని ఇటు, పై వరసలో మూడో నాలుగో ఏకంగా గోడకేసి మొహం పెట్టుకుని, అలిగి అన్నం మానేసిన వాళ్లలాగా. మగవాళ్ల సర్దుడు ఇంతేలే అని పొద్దున నవ్వుకుంది. ఇప్పుడు ప్రతి లేబులూ ఆమెవైపే చూస్తోంది. రెండేళ్లు సీసాలు కడిగింది, చీటీలు అంటించింది, మోతాదు కాగితాలకి గాట్లు కత్తిరించింది, ముప్ఫై నాలుగేళ్ల వయసులో చిన్నపిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాసి గట్టెక్కింది, అయినా ఇన్నాళ్లూ ఆయన అందించిన సీసానే అందుకుని, ఆయన చూస్తుండగానే పోసింది. ఇవాళే మొదటిసారి ఒక్కతే. ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్లాడు. డాక్టరుగారు పొరుగూరి రోగుల్ని చూడటానికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "ఈ వారం నువ్వు నెట్టుకొచ్చావంటే ఆ స్టూలు నీదే అనుకో" అని వెళ్లారు. స్టూలు అంచుని రెండు చేతులా పట్టుకుని చూసుకుంది. నాది. చెక్క పాతదే, ఒక కాలు కొంచెం పొట్టి, అయినా నాది.

అప్పుడు కనిపించింది. పై వరసలో ఎడమ చివర రెండు సీసాలు. రెండూ గోధుమరంగువే, రెండిటిదీ ఒకటే ఎత్తు, రెండిటి మీదా పెద్దకాంపౌండరు చేతిరాతే, రెండిటి మీదా ఒకే పేరు. దగ్గు ఆగక నిద్రలేని వాళ్లకి మందులో వేసే మత్తుచుక్కలు. ఒకదాని కింద మాత్రం ఎర్ర సిరాతో ఒక చిన్న గీత, దాని పక్కన ఒక మాట. ఏళ్ల తరబడి వెలిసి టీ మరకలా మిగిలిన ఆ మాటని మెడ చాచి చదివితే తప్ప తెలియదు: చిక్కన. ఆ చిక్కటి దాన్ని నెలకోసారి నీళ్లలో పదింతలు పల్చన చేసి రెండో సీసా నింపుకుంటాడు ఆయన, ఆ పల్చటిదాన్నే రోజూ వాడతాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలియనిది కాదు. మధ్యాహ్నం మూడింటికి కాజాల ఆవిడ వచ్చింది, చొక్కాలకి కాజాలు కుట్టి బతికే మనిషి, చూపుడువేలి చివర సూది పోట్లతో నల్లబడి ఉంటుంది. నాలుగేళ్ల కూతురికి కోరింత దగ్గు, మూడు రోజులుగా కన్ను మూయలేదని. డాక్టరుగారు రాసిన చీటీ తెచ్చింది. దగ్గు మందు ఒక సీసా, అందులో మత్తుచుక్కలు పది. పోసింది, కలిపింది, మోతాదుకో గాటున్న కాగితం సీసాకి అంటించింది, ఇచ్చింది. "ఇప్పుడే కాస్త కునుకు పట్టింది, లేపను, ఐదింటికి తనే లేస్తుంది, లేవగానే పోస్తా" అని కాజాల ఆవిడ వెళ్లిపోయింది. తీసేప్పుడోసారి, పోసేప్పుడోసారి, తిరిగి పెట్టేప్పుడోసారి పేరు చదవాలి, అది నియమం. మూడుసార్లూ చదివింది. మూడుసార్లూ పేరు సరిగ్గానే ఉంది. కానీ పేరు రెండిటి మీదా సరిగ్గానే ఉంది కదా.

ఏది తీసింది? ఏమీ గుర్తు రాలేదు. చెయ్యి పైకి లేచినట్టు గుర్తుంది, చెయ్యి కిందికి దిగినట్టు గుర్తుంది, నడుమ ఒక తెల్లటి ఖాళీ. ఎర్ర గీత చూసిందా? చూస్తే గుర్తుండేది. చూడలేదు కాబట్టి అది లేని సీసాయే అయ్యుంటుంది. లేదా ఉండి కూడా చూడలేదేమో. అప్పుడు, పిలవకుండానే, పెద్దకాంపౌండరు నిన్న సాయంత్రం మెట్ల మీద చేతికర్ర వెతుక్కుంటూ అన్న మాట వచ్చింది. "అమ్మాయ్, గోడకేసి తిరిగినోళ్ల జోలికి పోకు, వాళ్లకి నేనే నచ్చజెప్పుకోవాలి." ఆయన ఎప్పుడూ ఇలాంటివే అంటాడు, మూలిగే రోగుల గురించో, ఇంట్లో ఉన్న పెద్దావిడ గురించో అనుకుని నవ్వేసింది. ఆయన సీసాల గురించి అన్నాడు. ప్రమాదమైన సీసా మొహం గోడకి ఉంటుంది, పేరు చదవాలంటే చెయ్యి ఆగాలి, సీసాని తిప్పాలి, తిప్పుతున్నాం అన్న ఎరుక కలగాలి. ఎరుపు వెలిసిపోయినా ఆయనకి లెక్కలేదు, ఎందుకంటే ఆయన కాపలా ఆ ఎరుపు కాదు, ఆ తిప్పడం. నలభై ఏళ్లుగా ఆ అల్మారాని ఇంకొకరు ముట్టుకోలేదు, అందుకే ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. తను ముట్టుకుంది. తడిగుడ్డ పట్టుకుని, ఇల్లు చక్కబెట్టిన ఇల్లాలిలా, ఆ కాపలావాళ్లందర్నీ ఒక్కొక్కరినే ఇటు తిప్పి పెట్టింది. నాలుక మీద ఇత్తడి రుచి. గడియారం నాలుగూ నాలుగు.

టెలిఫోన్ మోగేసరికి ఒళ్లంతా ఉలిక్కిపడింది. రోజూ ఈ వేళకి భర్త చేస్తాడు. తూనికలు కొలతల ఆఫీసులో పని ఆయనకి, ఊళ్లో కొట్ల తక్కెళ్లు సరిగ్గా తూగుతున్నాయా లేదా చూసి ముద్ర వేసే పని.

"ఏం, అంతా బావుందా?"

"బావుంది."

"గొంతేమిటి అలా ఉంది?"

గొంతు దాచడం ఆమెకి ఏనాడూ చేతకాదు. "ఏం లేదు, మధ్యాహ్నం ఒక పాపకి మందిచ్చాను. ఏ సీసాలోంచి పోశానో గుర్తు రావట్లేదు."

అవతల చిన్న నవ్వు, ముద్దుగానే. "మొదలైందా? పొద్దున్నుంచీ చూస్తున్నా, ఇంకా మొదలవలేదేమిటా అని."

"అది కాదండీ, రెండూ ఒక్కలాగే ఉన్నాయి, ఒకటి..."

"ఇస్త్రీపెట్టె కూడా అలాగే ఉండింది కదా? మీ అక్కా వాళ్ల ఊరెళ్తూ నడిదారిలో రైలు దిగి వెనక్కొచ్చాం. తీగ ఊడదీసి, చల్లగా, మనల్ని చూసి నవ్వుతోంది. పేరు మూడుసార్లు చదివావా?"

"చదివాను."

"సరిగ్గానే ఉందా?"

"ఉంది."

"మరింకేం. ఇదిగో, నామాట విను. ఏమీ అయ్యుండదు. దేన్నీ ముట్టుకోకు, కదపకు. ఐదూ పదికల్లా నేనొచ్చి చూస్తా. తలుపేసుకుని ఊరంతా పరిగెత్తావంటే రేపు డాక్టరుకి ఏం చెప్పుకుంటావు? మొదటి రోజే ఇలాగా అనడా? మంచినీళ్లు తాగి కూర్చో, పిచ్చిదానా."

"సరే" అంది. ఆ సరే ఎంత తేలిగ్గా వచ్చిందో, నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండే మాట అది, నమిలే పనిలేదు. రిసీవర్ పెట్టేసి మంచినీళ్లు తాగింది. ఏమీ అయ్యుండదు. వెచ్చటి దుప్పటిలా ఉంది ఆ మాట. కాళ్లు లోపలికి ముడుచుకుని దాని కింద పడుకోవాలనిపించింది. ఐదూ పదికి ఆయన వస్తాడు, చూస్తాడు, చూసి చెప్తాడు. చిన్నప్పటినుంచీ ఎవరో ఒకరు వచ్చి చూసి చెప్పారు. అమ్మ చూసేది, గిన్నె కడిగి పెడితే ఎత్తి వెలుగులో పట్టుకుని. లెక్క చేసి పెడితే అన్నయ్య చూసేవాడు, తప్పు లేకపోయినా ఎర్ర పెన్సిలు ఎక్కడో ఒకచోట తగిలించేవాడు. తలుపు గడియ వేసి వచ్చి పడుకుంటే నాన్న లేచి వెళ్లి చూసి వచ్చేవాడు, ఆ చెక్క గడియ రెండోసారి కదిలిన చప్పుడు వింటేగానీ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. ఆమెకి ఆరేళ్లప్పుడు గాభరా అని పేరు పెట్టింది అన్నయ్యే. గాభరా వచ్చింది, గాభరా అన్నం తిందా, గాభరాకి చెప్పకండి ఊరంతా తిప్పుతుంది. ఆరేళ్లకి ముందు తనకి భయం ఉండేదా? గుర్తులేదు. గోడ మీద నడిచినట్టు గుర్తుంది, కింద ఎవరో కేకలేసినట్టు గుర్తుంది, కేక విన్నాకే కాళ్లు వణికినట్టు గుర్తుంది. పేరు ముందొచ్చిందో భయం ముందొచ్చిందో ఇప్పుడు ఎవరు తేలుస్తారు. పెళ్లయ్యాక తాళం. వీధి తలుపుకి తను తాళం వేస్తుంది, ఆయన వెనకనుంచి వచ్చి మూడుసార్లు లాగి చూస్తాడు. తిట్టడు, విసుక్కోడు, లాగుతాడు అంతే, తక్కెడ ముల్లు చూసినంత మామూలుగా. పదకొండేళ్లు. రోజుకి ఒకసారి అనుకున్నా ఎన్నివేల సార్లు. అన్నివేల సార్లలో ఆ తాళం ఒక్కసారైనా ఊడి ఆయన చేతికి వచ్చిందా?

ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, వచ్చి ఎదురుగా నిలబడింది. వెతికింది. నిజాయితీగా, మూలమూలలా వెతికింది. రాలేదు. ఒక్కసారీ రాలేదు. ఇస్త్రీపెట్టె తీగ ఊడదీసే ఉంది. పొయ్యి ఆర్పే ఉంది. కుళాయి కట్టే ఉంది. అమ్మ వెలుగులో పట్టుకున్న గిన్నెకి మెతుకు అంటుకుని ఉన్న రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. అంటే తను మతిమరుపు మనిషి కాదు. ఎవరో చెప్పగా నమ్మిన మనిషి. స్టూలు మీద నిటారుగా కూర్చుంది. గుండెలో ఏదో విచ్చుకున్నట్టయింది, నవ్వు కూడా వచ్చింది, ముప్ఫై ఆరేళ్లకి తెలిసిందా తల్లీ అని తనని తానే వెక్కిరించుకుంది. నా చేతులు సరైనవే. నా భయమే అబద్ధాలకోరు. అయితే ఇది కూడా అబద్ధమే, ఈ సీసా గొడవ కూడా, ఇన్నేళ్లుగా నా లోపల కూర్చుని గడియ రెండోసారి కదిపే నాన్నే ఇది, అంతకన్నా ఏమీ లేదు. హాయిగా ఊపిరి పీల్చింది. నాలుగూ ఇరవై. ఐదింటికి అక్కడ పాప లేస్తుంది, పోస్తారు, తెల్లారేదాకా నిద్రపోతుంది.

పోస్తారు అన్న మాట దగ్గర కుడి అరచెయ్యి నొప్పి పెట్టింది.

చాలా చిన్న నొప్పి. చెయ్యి తిప్పి చూసుకుంది, ఏమీ లేదు. కానీ ఆ నొప్పి ఏమీ అనట్లేదు, అదే వింతగా తోచింది. తన భయాలన్నిటికీ గొంతులుంటాయి. ఒకటి అన్నయ్యలా మాట్లాడుతుంది, ఒకటి అమ్మలా, ఈ మధ్య అన్నీ ఆయనలా, చూశావా, వేశావా, ఆర్పావా. అవి వాదిస్తాయి, గుచ్చి గుచ్చి అడుగుతాయి, సమాధానం చెప్పినకొద్దీ ఇంకోటి తీస్తాయి. ఇది అడగట్లేదు. నోరులేని జంతువులా వచ్చి అరచేతిలో కూర్చుంది. ఎందుకు ఇక్కడ? ఈ చెయ్యి ఇవాళ ఏం చేసింది? గుడ్డ పిండింది. చీటీ అంటించింది. రాసింది. మూత... మూత తీసింది. మూత బిగుసుకుని ఉంది. ఉంది కదూ. మొదట రాలేదు, మూత చుట్టూ పాత మందు పంచదార పాకంలా గడ్డకట్టి ఉంది, కోటు అంచుతో పట్టుకుని, పళ్లు బిగించి తిప్పితే కర్రుమని విడింది. ఆ క్షణం తనకెంత సంతోషమైందో ఇప్పుడు గుర్తొస్తోంది. ఇంట్లో బిగుసుకున్న మూతలన్నీ ఆయన చేతికే వెళ్తాయి, ఇటివ్వు అంటాడు, ఇస్తుంది, తీసి ఇస్తాడు, పదకొండేళ్లుగా ఒక్క డబ్బా మూత కూడా తను గట్టిగా ప్రయత్నించిన పాపాన పోలేదు. ఇవాళ ఎవర్నీ పిలవకుండా తీసింది. ఆ గర్వంలోనే పేరు రెండోసారి చదివింది, ఆ గర్వంలోనే పది లెక్కపెట్టింది. గర్వమే ఆ తెల్లటి ఖాళీ. రోజూ తీసే సీసా మూత ఎందుకు బిగుసుకుంటుంది?

దేన్నీ ముట్టుకోకు అన్నాడు. లేచి, ఎర్ర గీత ఉన్న సీసా దగ్గరికి వెళ్లి, రెండు వేళ్లతో మూతని పట్టుకుంది. బిగుసుకుని ఉండు. ఉండు తల్లీ, కదలకు, నీకు దణ్ణం పెడతాను. నెలకోసారి తీసే మూత అది, గట్టిగా ఉంటే తను దీన్ని తీయలేదు, అంతే, ఇంటికెళ్లి దుప్పటి కప్పుకోవచ్చు. మెల్లగా తిప్పింది.

మూత తేలిగ్గా వచ్చింది.

ఆ తర్వాత తలుపు ఎలా వేసిందో, తాళం ఎలా వేసిందో, చెప్పమంటే చెప్పలేదు. వీధిలో ఉంది. తెల్లకోటులోనే ఉంది, తాళంచెవి పిడికిట్లో ఉంది. కాజాల ఆవిడ ఇల్లు చీటీ వెనక రాసి ఉంది, రైలు గేటు దాటాక గొడుగులు బాగుచేసే కొట్టు, దాని మీద మేడ గది. పాతిక నిమిషాల నడక. నడవడం రాలేదు, పరుగూ రాలేదు, రెండిటికీ మధ్య ఏదో ఈడ్పుగా వచ్చింది. మనుషులు తిరిగి చూస్తున్నారు. పాప మెలకువగా ఉందా, ఇప్పుడు లేస్తోందా, ఇప్పుడు ఆ సూది పోట్ల వేలు సీసాని ఒంపుతోందా. చిక్కటివైతే ఆ పది చుక్కలు నాలుగేళ్ల పిల్లకి దగ్గుతోపాటు ఊపిరి కూడా ఆపేస్తాయి. మెల్లగా ఆపుతాయి. తల్లికి తెలియదు, నిద్రపోయిందనుకుంటుంది, అమ్మయ్య అనుకుని దుప్పటి సర్ది కాజాలు కుట్టుకుంటుంది, గంటకోసారి చూసి ఎంత బాగా నిద్రపోతోందో అనుకుంటుంది. ఆ మూల తిరగ్గానే ఏడుపు వినిపిస్తుందేమో. ఏ ఇంట్లోంచైనా ఏడుపు వినిపిస్తుందేమో అని చెవులు తెరుచుకున్నాయి, ఎక్కడో బకెట్టు పడితే ఆగిపోయింది, ఒక కుక్క మొరిగితే ఆగిపోయింది. రైలు గేటు పడి ఉంది.

గూడ్సు బండి, ఎంతకీ తెగని బండి. గేటు కడ్డీ మీద చేతులు ఆనించి నిలబడింది. పెట్టెలు లెక్కపెడుతోంది, ఎందుకో తెలియదు, పది దాకా వచ్చి మళ్లీ ఒకటి. పక్కన బస్తాల బండి ఆయన ఆమె కోటుని పైనుంచి కిందికి చూసి, బండి వెనకాల ఉన్నవాడితో, "కాంపౌండరమ్మే పరిగెత్తుతోందంటే ఎవడికో మూడిందిరా" అన్నాడు. "నీకే కాబోలు" అన్నాడు వెనకవాడు. ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టు మొహం పెట్టింది, అలవాటు, ఎవరు నవ్వినా నవ్వడం. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఒక మాట దొరికింది. మందు రంగు మారిందమ్మా, అది ఇటిచ్చెయ్, తాజాది చేసిస్తా. ఎంత నున్నటి మాట. ఎవరికీ ఏమీ తెలియదు. డాక్టరుకి తెలియదు, ఆయనకి తెలియదు, ఐదూ పది లోపల ఎలాగూ వెనక్కి వెళ్లలేను కాబట్టి కాస్త బయటికెళ్లానంటే సరి. స్టూలు తనదే. ఆ మాటని నాలుక మీద తిప్పి చూసింది, మందు రంగు మారిందమ్మా, రెండోసారికి గొంతు కూడా కుదిరింది. ఇంత సులువుగా అబద్ధం చెప్పగలనని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు, ప్రతిదీ ముందే ఎవరో చూసేసేవారు కాబట్టి. ఆఖరి పెట్టె దాటింది. గేటు లేచేలోపే కడ్డీ కింద దూరి పట్టాలు దాటింది.

గొడుగుల కొట్టు ముందు ఊచలు విరిగిన గొడుగులు చచ్చిన గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. పక్కన సన్నటి మెట్లు. పైనుంచి ఏ చప్పుడూ లేదు. ఏడుపు లేదు, దగ్గు లేదు. కోరింత దగ్గు పిల్ల ఉన్న ఇంట్లో దగ్గు ఎందుకు లేదు? పద్నాలుగు మెట్లు, ఒక్కో మెట్టు ఒక్కో గోడ ఎక్కినట్టు. తలుపు తెరిచే ఉంది. కిటికీ దగ్గర చాప మీద కాజాల ఆవిడ కూర్చుని చొక్కా ఒళ్లో పెట్టుకుని కుడుతోంది, చుట్టూ తెల్ల చొక్కాలు, చేతులు చాపుకుని పడుకున్నట్టు. మూల మంచం మీద పాప. కళ్లు మూసుకుని ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది.

"శ్" అంది కాజాల ఆవిడ వేలు అడ్డం పెట్టి. "ఇందాక లేచింది, మళ్లీ పడుకుంది. ఏంటమ్మా మీరొచ్చారు?"

"లేచిందా? మందు పోశారా?"

"ఏం?"

మందు రంగు మారిందమ్మా. ఆ మాట అక్కడే ఉంది, నాలుక వెనకే. "నేను తప్పు మందిచ్చాను" అంది. "సీసా తప్పు. చిక్కటి దాంట్లోంచి పోశాను. పోశారా చెప్పండి, ఒక్క చెంచా అయినా."

కాజాల ఆవిడ సూది కదలలేదు. కళ్లు కిటికీ వైపు వెళ్లాయి, ఆమె కళ్లు కూడా వెళ్లాయి, కిటికీ గూట్లో ఆ సీసా. మధ్యాహ్నం తన చేత్తో అంటించిన గాట్ల కాగితం, ఆరు గాట్లు. మందు మొదటి గాటుకి అంటుకునే ఉంది. వెంట్రుకవాసి తగ్గలేదు. ఆమె గోడ పట్టుకుంది.

"పొయ్యబోయా" అంది కాజాల ఆవిడ. "చెంచా కడిగొచ్చేసరికి మళ్లీ కళ్లు మూసింది. లేపబుద్ధి కాలేదు." చొక్కాని మెల్లగా పక్కన పెట్టింది. "తాగుంటే?"

"లేచేది కాదు."

గదిలో ఇంకేమీ లేదు, పాప ఊపిరి ఒక్కటే, గరగరమని, అందంగా. కాజాల ఆవిడ లేచి వెళ్లి పాప ముక్కు దగ్గర చేతి వెనకవైపు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. తర్వాత ఇటు తిరిగింది. "ఇంకెవరు చూశారు ఆ మందు?"

"ఎవరూ చూళ్లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను."

"ఒక్కదాన్నే చెయ్యగలనని చెప్పే కూచున్నావా అక్కడ?"

మీరు నువ్వు అయిపోయింది, అవ్వాల్సిందే. తల దించుకోవాలని మెడ తనంతట తను వంగబోయింది, ఆపింది. "చెప్పే కూచున్నాను" అంది. "తప్పు నాదే. రాత్రికి డాక్టరుగారితో నేనే చెప్తాను." నన్ను కొట్టు అనుకుంది, కొడితే బావుండును. కాజాల ఆవిడ కొట్టలేదు, తిట్టడానికి నోరు తెరిచింది, అప్పుడు పాప దగ్గింది. ఒకటి కాదు, తెగని దగ్గు, చివర ఊపిరి అందక ఈలవేసినట్టు లాగుతూ, మొహం నల్లబడి, చిన్న వేళ్లు దుప్పటిని పిసుకుతూ. ఇద్దరూ ఒకేసారి మంచం దగ్గరికి వెళ్లారు. ఒకరు వీపు నిమిరారు, ఒకరు నుదురు పట్టుకున్నారు. దగ్గు ఆగాక పాప ఆమె తెల్లకోటు చూసి వాళ్లమ్మ మెడలోకి దూరిపోయింది.

"దీనికి ఇంకో రాత్రి ఇలా గడవదు" అంది కాజాల ఆవిడ, పాపని భుజాన వేసుకుంటూ. "ఆ డాక్టరు రాత్రికిగానీ రాడు. పద. నా కళ్లెదురుగా చెయ్యి."

తిరుగుదారిలో సీసా ఆమె చేతిలో ఉంది, కోటు లోపలికి పెట్టి పట్టుకుంది, పాముని పట్టుకున్నట్టు. భయం తగ్గలేదు. తగ్గుతుందనుకుంది, పాప ఊపిరి వింటే తగ్గుతుందనుకుంది, ఇప్పుడు ఇంకో రకంగా పెరిగింది. మళ్లీ పొయ్యాలి, ఈ చెయ్యే పొయ్యాలి. డాక్టరు గుమ్మంలో నిలబడి, ఇక రేపు రానక్కర్లేదు అనడం కళ్లకి కట్టింది. అననీ. పక్కన నడుస్తున్న ఆవిడ మొహం వైపు చూసే ధైర్యం లేదు, ఆవిడ భుజం మీంచి పాప మాత్రం తనని చూస్తోంది, రెప్పవేయకుండా.

ఆస్పత్రి మెట్ల మీద భర్త. గొడుగు చంకలో, మొహం పాలిపోయి. వీళ్లని చూడగానే నాలుగు మెట్లూ దిగొచ్చాడు. "ఎక్కడికెళ్లావు? అరగంటయింది నేనొచ్చి. తాళం లాగి చూశా, పడే ఉంది, అంతకుముందు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు." పాపని చూశాడు. "ఎవరీవిడ?"

"తప్పు సీసాలోంచే పోశాను" అంది ఆమె. "వెళ్లి తెచ్చాను."

ఆయన నోరు తెరిచాడు. చెప్పానా అనడం ఆయన అలవాటు, ఆ మాట నోటిదాకా వచ్చినట్టు కూడా కనిపించింది, కానీ ఇవాళ ఆయన చెప్పింది ఇంకొకటి. ఏమీ అయ్యుండదు అని చెప్పాడు. ఆయన మొహం మీద ఒక భయం కదిలింది, ఆమె పదకొండేళ్లలో ఎప్పుడూ చూడనిది, ఆయన కూడా ప్రతి తాళాన్నీ దీనికోసమే మూడుసార్లు లాగుతాడేమో, చేతిలోకి ఊడి రాకూడదని. జాలి వేసింది. జాలిపడటానికి ఇప్పుడు తీరిక లేదు. తాళం తీసి లోపలికి వెళ్లి దీపం వేసి చేతులు కడుక్కుంది. ఆయన వెనకే బల్ల దాటి మందుల గదిలోకి వచ్చాడు. "వణికిపోతున్నావు. ఇటివ్వు, నే పోస్తా. రోజూ కొలతలు చూసే చెయ్యి నాది."

"మీరు వెళ్లి ఆ బల్ల మీద కూర్చోండి."

"నే చూస్తుంటా, అంతే."

"చూడాల్సింది ఈవిడ" అంది. గట్టిగా అనలేదు. ఆయన వెళ్లి రోగులు కూర్చునే బల్ల చివర గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

పాప చేతికి సీసాలు అందకుండా చూసుకుంటూ కాజాల ఆవిడ బల్లకి దగ్గరగా వచ్చి నిలబడింది. ఆమె ఎర్ర గీత సీసాని తీసి, మూత బిగించి, మొహం గోడకి తిప్పి పెట్టింది. తెచ్చిన మందుని తొట్టిలో పారబోసి సీసా మూడుసార్లు కడిగింది. దగ్గు మందు పోసింది. రెండో గోధుమరంగు సీసా తీసి లేబుల్ కాజాల ఆవిడ మొహం ముందు పెట్టి చూపించింది, కింద గీత లేకపోవడం వేలితో చూపించింది. కొలగ్లాసు దీపం కింద పెట్టింది.

"బయటికి లెక్కపెట్టు" అంది కాజాల ఆవిడ. "నాకు వినపడాలి."

ఒకటి. చుక్క సీసా పెదవి దగ్గర ఉబ్బి, ఆలోచించి, పడింది. రెండు. మూడు. గదిలో గడియారం, పాప గరగర, ఇంకేమీ లేదు. నాలుగు. మణికట్టుని బల్ల అంచుకి ఆనించింది. ఐదు. ఆరు. ఆరు దాటాక పాప దగ్గింది, ఆమె వేళ్లు కదిలాయి, ఏడో చుక్క పడింది, దాని వెనకే ఇంకోటి పడిందా? పడినట్టే ఉంది. పడనట్టే ఉంది. ఏడా, ఎనిమిదా. కాజాల ఆవిడ పెదవులు కూడా ఆగిపోయాయి. బల్ల చివర గొడుగు చప్పుడైంది, ఆయన లేచి నిలబడ్డాడు, ఏడే, నే విన్నా, అనబోతున్నాడు. ఇన్నేళ్లూ ఇలాంటప్పుడు మెడ తనంతట తను తిరిగేది, ఎవరి మొహంలోనో జవాబు వెతుక్కోవడానికి. తిరగలేదు. ఆమె కొలగ్లాసు ఎత్తి, ఉన్నది ఉన్నట్టు తొట్టిలో పారబోసింది. గ్లాసు కడిగింది, తుడిచింది, దీపానికెదురుగా పట్టుకుని చూసింది, మళ్లీ బల్ల మీద పెట్టింది.

"ఒకటి" అంది.